కౌంటు

రొయ్యల లెక్క తలకిందుల లెక్క.
కేజీకి ముప్పై తూగితే పండగ,
వంద తూగితే ఏడుపు.
అంకె ఎంత చిన్నదైతే సరుకు అంత పెద్దది.
పదకొండేళ్ళుగా ఈ గట్టుమీద పడుకుని
నా బుర్ర అలాగే అలవాటు పడిపోయింది.

అందుకే డాక్టరు సుభాషిణి గారు కాగితం చూసి
"కౌంటు బాగా పడిపోయిందండీ, రెండువేల వంద" అంటే
ఒక్క క్షణం సంతోషించాను.
ఆవిడ మొహం చూశాక
ఆ నవ్వు ఎక్కడ దాచుకోవాలో తెలీలేదు.

దాని పేరు సావడా.
సన్నగా, పొడుగ్గా, వెండి రంగులో
ఎండబెట్టిన సావడా చేపలా ఉందని మా తమ్ముడు పెట్టాడు.
తోక కింద పుండు లేచింది, కాలీఫ్లవర్ ముక్కలా.
నడిచినంతమేరా చుక్కలు.
ఏరేటర్ల మోతలో టార్చిలైటు వేసుకుని
ఆ చుక్కల వెంట గట్టంతా తిరిగాను ఓ రాత్రి.

"కేన్సరే, కానీ లొంగే రకం" అన్నారావిడ.
వారానికో సూది. నీళ్ళలా తేటగా ఉంది మందు.
దేన్నించి తీస్తారండీ అంటే
బిళ్ళగన్నేరు నించట!
ఉప్పుగాలికి కూడా చావని మొక్క,
మేకలు వాసన చూసి వదిలేసే మొక్క.
ఇన్నాళ్ళూ దాని మొదట్లోనే ఉచ్చ పోసుకున్నాం
నేనూ, ఇదీ.

ఆ మందు పుండుని తింటుందట.
తింటూ తింటూ, ఎముకల్లోపల
రక్తం వండే పొయ్యి మీద కూడా నీళ్ళు చల్లుతుందట.
ఐదోనాటికో ఏడోనాటికో తెల్లకణాలు కరువౌతాయి.
"అప్పుడు దాన్ని కాయడానికి లోపల ఎవరూ ఉండరు.
కుళ్ళునీళ్ళు తాగనివ్వకండి.
జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగకండి."

కాపలా లేని చెరువు ఏమౌతుందో
నాకొకరు చెప్పక్కర్లేదు.
వల కప్పని పూట ఒక్కటి చాలు నీటికాకులకి.

అమలాపురం ల్యాబు మనుషుల ల్యాబు.
రసీదు రాసే కుర్రాడు తలెత్తకుండా
పేరు? అన్నాడు. సావడా.
ఇంటిపేరు? నాదే చెప్పాను.
ఓలేటి సావడా, స్త్రీ, నాలుగేళ్ళు.
మా ఇంట్లో ఆడపేరున ఉన్న కాగితం అదొక్కటే.

మూడో సూది ఆపేశారు.
కాచి చల్లార్చిన నీళ్ళు. ఉడకబెట్టిన గుడ్డు.
చచ్చిన రొయ్య నోట కరిస్తే వేలుపెట్టి లాగడం.
పైపెదవి ఎత్తి, చిగురు నొక్కి వదిలి
ఎరుపు తిరిగొస్తోందా లేదా చూడ్డం,
పూటపూటకీ చెక్‌ట్రే ఎత్తి చూసినట్టే.
మంగళవారం రాత్రి ఒళ్ళు కాలిపోయింది.
తమ్ముడికీ నాకూ మధ్య, గోనె చుట్టి, బండెక్కించి
ముమ్మిడివరం చేరేసరికి రెండున్నర.
జుట్టైనా ముడవకుండా తలుపు తీశారావిడ.

"ఊరంతా కుక్కలేగా, ఇంకోటి తెచ్చుకో" అన్నాడు కామందు.
నేనేమీ అనలేదు.
తెల్లమచ్చ తగిలి చెరువంతా తేలిపోయిన ఏడు
ఆయన కార్లో కూచుని ఏడ్చాడు.
నేను దూరంగా నించున్నాను.
దగ్గరికెళ్ళి నించుంది ఇదే.

పట్టుబడి రోజు, కాటా దగ్గర ఫోను మోగింది.
వింటూనే అరిచేశాను:
"ఆరువేల నాలుగొందలు! కౌంటు ఆరువేల నాలుగొందలు!"
ఏజెంటు బుల్లబ్బాయి చేతిలో గమేళా జారిపోయింది.
"కేజీకి ఆరువేలా?
రొయ్యలు పెంచావా, దోమలు పెంచావా?"
వల లాగేవాళ్ళు వల వదిలేసి నవ్వారు.

రేపు మూడో సూది.
మళ్ళీ పడుతుంది కౌంటు, తెలుసు.
ఇవాళ్టికి చల్లటి ఇసుకలో గుంట తవ్వుకుని
ముక్కు తోకలో దూర్చి పడుకుంది.
పక్కనే బిళ్ళగన్నేరు, నిండా పూలు.
పీకేద్దామని వంగాను.
దణ్ణం పెడదామనుకున్నాను.
రెండూ చెయ్యక
బీడీ వెలిగించుకున్నాను.